సంచుల తనిఖీ

“ఆ సంచిలో ఏముండాదప్పా?”

వరసలో తన ముందు ఇంకా నలుగురు ఉండగానే ఆఫీసరు దివాకర్ సారు వేలు పెట్టి చూపించేసరికి ఓబుళేసు వెనక్కి జరిగాడు. సంచిని పొట్టకు అదుముకున్నాడు.

“ఊరగాయ సార్,” అన్నాడు.

అన్న మరుక్షణమే చెంపలు వేసుకోవాలనిపించింది. కన్నతల్లిని పట్టుకుని ఊరగాయ అనేశాడు మరి. ఆ సంచిలో, ఎర్రగుడ్డ కట్టిన చిన్న మట్టికుండలో ఉన్నవి వాళ్ళమ్మ మారెక్క అస్థికలు.

“సరే, నీ వంతు వచ్చినప్పుడు విప్పి చూపించు,” అన్నాడు దివాకర్.

అనంతపురంలో వాటర్‌షెడ్ ఆఫీసు ముందు బస్సు సిద్ధంగా ఉంది. రేపటి నుంచి బాపట్లలో సముద్ర పరిరక్షణ మీద మూడు రోజుల వర్క్‌షాపు. సముద్రం మొహం చూడని ఈ జిల్లా నుంచి కూడా వాటర్‌షెడ్ కమిటీల వాళ్ళు నలభై మంది రావాలని కాగితం వచ్చింది. పిలవడం బాగానే పిలిచారు గానీ, దానికో మెలిక పెట్టారు. నీళ్ళలో ఏమీ వేయబోమని అందరూ ప్రతిజ్ఞ చేసి రావాలి. సంచులు చూసి పంపించామని ఆఫీసరు సంతకం పెట్టాలి.

“మన చేలల్లో మట్టి కొట్టుకపోయి సముద్రం పాడయితాండాదంట. అందుకే మనల్ని పిలిచినారు,” అన్నాడు దివాకర్.

“మన మట్టి ఆడిదాకా పోవాలంటే ముందు వాన పడాల గదా సార్,” అంది వెంకటలక్ష్మమ్మ, తన సంచి ఆయన ముందు పెడుతూ.

అందరూ నవ్వారు. దివాకర్ నవ్వలేదు. ఆమె సంచిలోంచి పసుపు, కుంకుమ, మూరెడు కనకాంబరాలు తీసి పక్కన పెట్టాడు.

“గంగమ్మకు సార్ అవి. ఉత్త చేతుల్తో పోయి ఎట్ల మొక్కేది?”

“పువ్వు గూడా వద్దన్నారమ్మా. నేనేం చేయల్ల?”

పువ్వే వద్దంటే ఇక బూడిద మాటెత్తేదెట్లా? ఓబుళేసు చెప్పు సరిచేసుకునే వంకతో ఒకసారి, నీళ్ళు తాగే వంకతో ఒకసారి వరస చివరికి జారుకున్నాడు. అయినా ఆ పాడు వరస కరిగిపోతూనే ఉంది. ఒక్కొక్కరే ఎక్కేశారు. డ్రైవరు హారన్ కొట్టాడు. కింద మిగిలింది వాళ్ళిద్దరే.

“విప్పు,” అన్నాడు దివాకర్.

ఎర్రగుడ్డ కనిపించగానే ఆయనకు సంగతి అర్థమైంది. బస్సు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“ఎవురిది?”

“మా అమ్మది సార్. వచ్చే అమావాస్యకు ఏడాది.”

“ఇన్ని దినాలు ఏం చేసినావు?”

“చేని గట్టున వేపమానుకు కట్టిపెట్టినా సార్. పెన్నలో నీళ్ళొస్తాయేమోనని చూసినా. యాడొచ్చినాయి? ఇసుకలో చెలమ తోడితే రెండు చెంబులు ఊరినాయి. నేను కుండ విప్పేలోపల గొర్రెలొచ్చి తాగిపోయినాయి.”

“శ్రీశైలం పోవచ్చు గదా?”

“రెండేండ్లాయ సెనక్కాయ చేతికి రాక. ఏం పెట్టుకోని పోయేది సార్?”

దివాకర్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

“ఇంతకుముందే గదప్పా నీళ్ళలో ఏమీ వేయనని ప్రతిజ్ఞ చేసినావు?”

“పెదాలు మాత్రం ఆడించినా సార్.”

“బాగుండాది.”

“పారేసేకి కాదు సార్ తీసుకపోయేది. కలిపేకి. బతికినన్నాళ్ళూ రెండు మైళ్ళు నడిచి బిందె మోసింది. ఆఖరికి, నన్ను మాత్రం ఇసుకలో పారబోయొద్దురా అని చేతిలో చెయ్యి ఏపిచ్చుకునింది.”

నలభై అయిదేళ్ళ మగవాడు, బస్సులోంచి అందరూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

“సంతకం పెట్టేది నేను,” అన్నాడు దివాకర్. “ఆడ ఎవురన్నా పట్టుకున్నారంటే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే. నీకేం తెలుసప్పా నా బాధ.”

హారన్ మళ్ళీ మోగింది. కిటికీలోంచి వెంకటలక్ష్మమ్మ తల బయటపెట్టి, “ఓబుళేసన్నా, ఊరగాయ చూపించేకి ఎంతసేపు?” అని కేకేసింది.

ఓబుళేసు కుండకు మళ్ళీ గుడ్డ బిగించి కట్టాడు. రెండు చేతులతో పైకెత్తి దివాకర్ ముందుకు చాచాడు.

“నా పేరు కొట్టేయండి సార్. నేను ఊరికి పోతా. సముద్రం చూడకపోతే నాకేం తక్కువైతాది? ఈమెను మాత్రం తీసుకపోండి. ఆఫీసరు సంచి ఎవురూ చూడరు. మనుషుల్లేని తావు చూసి కలిపేయండి. మీకు దండం పెడతా.”

దివాకర్ కుండ అందుకోలేదు. జేబులోంచి పెన్ను తీసి, జాబితాలో ఓబుళేసు పేరు వెతికి పట్టుకున్నాడు. ఓబుళేసు తల వంచుకుని నిలబడ్డాడు.

పేరు పక్కన టిక్కు పెట్టి, కాగితం మడిచి జేబులో దోపుకున్నాడు దివాకర్. బస్సు మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

“ఎక్కు. నా సీటు కింద పెట్టు దాన్ని,” అన్నాడు. “మెల్లగా పెట్టప్పా, ఆడ మా నాయన కుండ ఉండాది, తగిలి పగిలేను.”