ఇంటి సాక్ష్యం

“ఎవరినైనా చనిపోయాకే పునీతులని, అంటే సెయింట్లని, ప్రకటిస్తారు,” అని చర్చిలో ఆదివారం జ్ఞానోపదేశం క్లాసులో పిల్లలకు చెప్పాను. “దానికి ముందు, వాళ్లతో కలిసి బతికినవాళ్లను పిలిచి, వాళ్లెలాంటివాళ్లో అడుగుతారు.”

“మీరూ అవుతారా టీచర్?” అంది ముందు వరుసలోని జడల పిల్ల.

“ఏమో, ఎవరు చూడొచ్చారు!” అన్నాను, అప్పుడే తల చుట్టూ వెలుగు తగిలించేసుకుని.

క్లాసంతా వెనక్కి తిరిగి, చివరి వరుసలో కూర్చున్న మా అమ్మాయిని చూసింది. సాక్సు ఒకటి కనబడలేదని పొద్దున్నే వీధంతా వినబడేలా దాని మీద కేకలేశాను.

“అన్నీ చెప్పాలా?” అంది మా అమ్మాయి.

“ఏదీ దాచకూడదు,” అన్నాను, గత్యంతరం లేక.

అది వేళ్లు మడుస్తూ ఏవో లెక్కపెట్టుకుంది.

“అయితే నువ్వు ఇప్పుడప్పుడే చచ్చిపోవద్దమ్మా. నీకింకా చాలా టైం పడుతుంది.”