నల్లబడ్డ ఉగ్గుగిన్నె

డాక్టరు చెప్పాడని వసుంధర సవతి కూతురి కోసం గుడ్డు ఉడికించి, మెదిపి, వెండి ఉగ్గుగిన్నెలో పెట్టింది. చల్లారాక తినిపించబోతే గిన్నె లోపలంతా నల్లబడి ఉంది.

"ఏంటే ఇది? విషం తగిలితేనే వెండి నల్లబడుతుంది. ఏం కలిపావు నా మనవరాలికి?" అంది అత్త సుబ్బాయమ్మ.

"ఏమీ కలపలేదత్తయ్యా."

"అయితే నువ్వు తిను, చూస్తాం."

గిన్నె ఎందుకు నల్లబడిందో వసుంధరకీ తెలియదు. భర్త వంక చూసింది. ఆయన గిన్నె వంకే చూస్తున్నాడు. మొత్తం తినేసింది.

రేపల్లె నుంచి డాక్టరు వచ్చి నవ్వాడు. "విషం కాదండి. గుడ్డులో సిస్టీన్ అనే పోషక పదార్థం ఉంటుంది. పిల్లకి ఒళ్ళూ జుట్టూ పెరగాలంటే అది కావాలి. అందులోని గంధకమే వెండిని నల్లబరుస్తుంది."

"ఇంకేం భయం లేదులే," అన్నాడు భర్త.

వసుంధర భయం పోలేదు. విషమని నమ్మినంతసేపూ ఆయన తన చెయ్యి పట్టుకుని ఆపలేదు.