ఆ రోడ్డు బాగలేదు

ఏ ఊరికి ఏ రోడ్డున పోవాలో చిక్కడపల్లి బస్తీలో అడగాల్సింది ఆశన్ననే. ఇరవై ఏళ్లుగా రోడ్డు రోలర్ నడుపుతున్నాడు. ఎక్కడ గుంతలు పడ్డాయో, ఎక్కడ కల్వర్టు కుంగిందో అతనికి కంఠతా వచ్చు. పాలమూరు పోయే కూలీలు అతన్ని అడిగాకే బస్సెక్కుతారు. అతని మాట ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆశన్న భార్య ఆశమ్మ తల్లికి ఆఖరి ఘడియలు. బిడ్డనే కలవరిస్తోందట. మధ్యాహ్నం దాకా ఉండడం కష్టమేనట.

అశోక్‌నగర్ టాక్సీ స్టాండు నుంచి డ్రైవర్ నాగేందర్ కారు తెచ్చాడు. ఆశన్న వెంట ఆశమ్మ కట్టుబట్టలతో ఎక్కింది. చేతిలో మాత్రం ఆకుపచ్చ గాజుల పొట్లం ఉంది. కూతురు చంద్రిక కోసం ఏటా కొంటుంది. ఏటా ఆశన్న ఒక్కడే వెళ్లి ఇచ్చి వస్తాడు.

నారాయణగూడ ఫ్లైఓవర్ మీద నాగేందర్ అన్నాడు.

"కొత్త స్టేట్ హైవే పట్టుకుంటే రెండు గంటలల్ల దించుత."

"వద్దు తమ్మీ. ఆ రోడ్డు బాగలేదు. పాత రోడ్డుకే పోనియ్యి."

"ఏందన్నా! మొన్ననే పెండ్లోళ్లను తోల్కపోయిన. అద్దం లెక్క ఉన్నది."

"మొన్నటి ముచ్చట నాకెందుకు? కంకర పోసిన్రు. వాగు కాడ తొవ్వ తెగింది."

ఆశమ్మ బతిమాలింది. "అటే పోనియ్యయ్యా. మా అమ్మ పానంతోని దొరుకుతది. చంద్రిక కాడ గూడ ఒక్క నిమిషం ఆగినట్టయితది."

"నిన్ను ఆడికి తోల్కపోతే మల్ల నాలుగు రోజులు అన్నం ముట్టవు," అన్నాడు ఆశన్న కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాగేందర్‌కు ఒళ్లు మండింది. కానీ చెప్పేది ఆశన్న. ఏం చేస్తాడు? కారు పాత రోడ్డుకే తిప్పాడు.

దాన్ని రోడ్డు అనడమే ఎక్కువ. మోకాలి లోతు గుంతలు. ఒకచోట టైరు పంక్చరైంది. ఇంకోచోట లారీ దిగబడి గంట ఆపేసింది. ఆశమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని, "వస్తున్నమని చెప్పుండ్రి, అమ్మ చెవుల చెప్పుండ్రి" అంటూనే ఉంది. అయిదు గంటలు పట్టింది.

వెళ్లేసరికి ముసలమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. ప్రాణం పోయి అరగంటైందట.

ఆశమ్మ తల్లి మీద పడి ఏడ్చింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మా అమ్మను కండ్లార చూసుకోనియ్యకపోతివి. సచ్చేదాక యాదుంచుకుంట."

చుట్టాలు తలా ఒక మాట అన్నారు. ఆశన్న అన్నీ పడ్డాడు.

సాయంత్రం అంతా అయ్యాక, దినాల దాకా ఇక్కడే ఉంటానంది ఆశమ్మ. ఆశన్నను ఉండమని ఎవరూ అనలేదు. గాజుల పొట్లం మాత్రం అతని ఒళ్లోకి విసిరింది.

"ఇదన్న దానికి ఇచ్చిపో."

తిరిగి వచ్చేటప్పుడు నాగేందర్ ఎవరినీ అడగలేదు. నేరుగా కొత్త హైవే ఎక్కించాడు. కారు కుదుపు లేకుండా సాగిపోయింది. కంకర ఎక్కడా లేదు. వాగు మీద వంతెన చెక్కుచెదరలేదు.

"ఎందుకన్నా అబద్ధమాడినవ్?" అన్నాడు కోపం ఆపుకోలేక. "పాపం, అక్కకు తల్లి సూపు దక్కకపాయె."

ఆశన్న ఒక కిలోమీటరు రాయి దగ్గర ఆపమన్నాడు. చుట్టూ ఇల్లూ లేదు, మనిషీ లేడు. దిగి, తెల్లగీత పక్కన తారు మీద గాజుల పొట్లం పెట్టి, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రోడ్డు పక్క కానుగ చెట్టు కింద ఇంకా భద్రంగా ఉందని ఆశమ్మ నమ్ముతున్న మూడేళ్ల చంద్రిక సమాధి మీద, రెండేళ్ల కిందట ఈ రోడ్డును హైవేగా వెడల్పు చేసినప్పుడు, రోలర్ నడిపింది అతనే.