కణాల్లో మోటారు

కంచం గోడకు తగిలి బోర్లా పడింది.

"ఉప్పేదే? కుడితి తాగడానికి నేనేమైనా గొడ్డునా?"

ఇనుప గనిలో డంపరు లారీ నడిపే గవర్రాజు గొంతు కిరందుల్ కంపెనీ క్వార్టర్ల వరసంతా వినిపించింది. కూరగాయలమ్మే ఆయతి వాకిట్లో బుట్ట దించబోయి ఆగిపోయింది.

సూర్యకాంతానికి కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడింది. ఈ నెలలో ఇది నాలుగో కంచం.

"డాక్టరు ఉప్పు మానెయ్యమన్నారు."

"నా తిండి మీద వాడి పెత్తనమేటి?"

ఆమె బీరువాలోంచి ఆస్పత్రి చీటీ తెచ్చి, కింది అంచు మీద బొటనవేలు ఆనించి, అతని కళ్ల ముందు పట్టింది. "చదవండి."

"గవర్రాజు, టోకెన్ నంబరు..." గొంతు తగ్గింది. "బీపీ నూట అరవై, నూరు? ఎప్పుడు చూశారు?"

"ఆదివారం క్యాంపులో చూశారుగా. తేడా ఉన్నవాళ్లకే చీటీ ఇచ్చారు."

"వచ్చే నెల కంపెనీ మెడికల్ టెస్టు! డంపరు మీంచి దించేస్తారే!"

"ఒంట్లో ప్రతి కణానికీ ఉప్పును బయటికి తోడే పంపులుంటాయట. కొందరికి పుట్టుకతోనే అవి మందకొడిగా పనిచేస్తాయట. ఉప్పు లోపలే నిలిచిపోయి రక్తనాళాలు బిగుసుకుంటాయట."

"గనిలో నీళ్లు తోడే మోటారు లాగా?"

"అంతే."

"రిపేరు?"

"లేదు. లోపలికి వచ్చేదే తగ్గించాలి."

ఆ పూటే ఆవకాయ జాడీ, ఎండు చేపల డబ్బా ఆయతి బుట్టలోకి వెళ్లాయి.

"సబ్ మేరేకో, దీదీ?" అంతా తనకేనా అని ఆయతి అడిగింది.

"సబ్."

గవర్రాజు చూపు జాడీ వెనకాలే వీధి మలుపు దాకా వెళ్లింది. సూర్యకాంతం ఆ చూపును తీరిగ్గా చూసింది.

నెల రోజులు అతను చప్పిడి పప్పు మింగాడు. ఎప్పుడైనా "ఒక్క రవ్వ..." అంటే, "మోటారండీ" అనేది. కంచం మళ్లీ ఎగరలేదు. తిన్నాక తనే కడిగి బోర్లించేవాడు.

మెడికల్ రోజు పరుగున ఇంటికొచ్చాడు. "నూట ఇరవై, ఎనభై! డంపరు నాదే! నువ్వే కాపాడావే, కాంతం. మరి ఇంక ఉప్పు...?"

"పంపు మారలేదు కదండీ. బతికున్నంతకాలం చప్పిడే."

తల వంచుకుని కంచం ముందుకు జరిపాడు.

అతను డ్యూటీకి వెళ్లాక సూర్యకాంతం చీటీ బయటికి తీసింది. కంపెనీ చీటీల మీద ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా పైన ఉద్యోగి పేరే ఉంటుంది. ఆ రోజు తన బొటనవేలు ఆనించిన చోట, "రోగి" అన్న గీత పక్కన, నీలం సిరాతో ఒకటే మాట ఉంది: భార్య.