కొట్టేసిన అంకెలు

బోయాకు మళ్ళీ ఎవరో పడవ కట్టారు.

ఒడ్డున ఆఫీసులో తెర మీద అంకెలు చూడగానే జొరాయిదా పళ్ళు కొరికింది. నడిసముద్రంలో లంగరు వేసి నీటి మీద తేలేలా నిలిపిన బోయా అది. దాని కింద గొలుసుకు వేలాడే పరికరాలు నీటి వేగం, దిశ, లోతు అరగంటకోసారి పంపుతాయి. బోయాకు పడవ కడితే గొలుసు ఒరుగుతుంది. పరికరాలు పైకి లేస్తాయి. ఇక అవి చెప్పేది నమ్మడానికి లేదు.

ఈ సోమవారం మాత్రం నమ్మి తీరాలి.

తమ్ముడు లిసాండ్రో నిన్న సాయంత్రం రేడియోలో మాట్లాడాడు. బోయాకు ఆగ్నేయంగా ఆరు మైళ్ళ దూరం నుంచి.

"ఇంజను చచ్చిందక్కా. బ్యాటరీ కూడా..."

అంతే. పడవలో మంచినీళ్ళు రెండు రోజులకే సరిపోతాయి.

ప్రవాహం ఎటు లాగుతోందో తెలిస్తేనే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పైతా రేవు నుంచి వచ్చిన నావికాదళం ఓడ, జాలర్ల పడవలు ఆమె లెక్క కోసమే కాచుకుని ఉన్నాయి.

తెల్లవారుజాము నుంచి వచ్చిన అంకెలన్నీ ఆమె కొట్టేసింది. పదకొండేళ్ళుగా అదే నియమం. అంతకు ముందు వచ్చిన మంచి అంకెలతో లెక్క కట్టింది. లిసాండ్రో ఈపాటికి బోయాను ఎప్పుడో దాటిపోయి ఉంటాడు.

"వాయవ్యం. రాసుకోండి," అంది రేడియోలో ఓడ కెప్టెన్‌తో.

జాలర్లతో ఆమెకు ఈ గొడవ పాతదే. బోయా నీడకు పెరికో చేపలు చేరతాయి. వాటి వెనకే పడవలు. లిసాండ్రో ఏడిపించేవాడు.

"నీ బోయా కింద చేపలు పెళ్ళిపందిట్లో చుట్టాల్లా మూగి ఉన్నాయే. ఓ తాడు కట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"కట్టి చూడు. అరగంటలో నాకిక్కడ తెలిసిపోతుంది. మర్నాడు నీ చెవి నా చేతిలో ఉంటుంది."

"అమ్మో! సముద్రానికి భయపడను గానీ నీకు భయమే తల్లీ," అని జాలర్లను కాచే సాన్ పెద్రో మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు ఎన్నడూ తప్పలేదు.

మంగళవారం దొరకలేదు. బుధవారం దొరకలేదు. అమ్మ ఫోన్ చేసింది. వాయవ్యం అంటే ఎటు అని అడిగింది.

బోయాకు కట్టిన పడవ కదల్లేదు. ఆమె రేడియో అందుకుని అరిచింది.

"ఎవడ్రా అక్కడ? మనిషి సముద్రంలో పోతే నీకు చేపలు కావాల్సొచ్చాయా? విప్పు!"

జవాబు లేదు.

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి గొలుసు నిటారుగా నిలిచింది. అంకెలు శుభ్రంగా రావడం మొదలైంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఇక లెక్క తప్పదు.

కాగితం పట్టుకుని రేవుకు పరిగెత్తింది. తమ్ముడికి వల వేయడం నేర్పిన దోన్ ఫెలిసియానో డీజిల్ కోసం అప్పుడే వచ్చాడు. పెదవులు ఉప్పుకు పగిలి ఉన్నాయి.

"కొత్త లెక్క, బాబాయ్. ఇంకాస్త ఉత్తరానికి వెళ్ళాలి."

"ఇటివ్వు తల్లీ. ఇప్పుడే బయల్దేరతాం."

"ఒక్క మాట. మూడు రోజులు నా బోయాకు కట్టుకుని కూర్చున్నవాడు ఎవడు? మన రేవువాడా, పక్క రేవువాడా? పేరు చెప్పు చాలు."

ముసలాయన కాగితం మడవబోయి ఆగాడు.

"మన రేవువి, పక్క రేవువి కలిపి ముప్పై ఒక్క పడవలూ సోమవారం నుంచి నువ్వు చెప్పిన వాయవ్యంలోనే ఉన్నాయి కదమ్మా, బోయా వైపు ఒక్కటీ వెళ్ళలేదు."