రంగనాయకి పన్ను

“పీకేస్తే ఈ పొద్దే అయిపోతాది. పన్ను నిలబెట్టాలంటే మాత్రం వేరు లోపలంతా కడిగి, వారం వారం మందు మార్చాల. ఆరు వారాలు తిరగాల్సొస్తాది. ఏం చేద్దాం?” అని అడిగాడు డాక్టర్ దామోదరం.

“పీకొద్దు. ఆరు వారాలూ వస్తాను,” అంది జ్ఞానాంబ, వాచిన దవడ మీది చెయ్యి తీయకుండానే.

కాంపౌండర్ రాజారత్నం నోరెళ్ళబెట్టాడు. చీముపట్టి దవడ బూరెలా పొంగిన మనిషి పీకి పారెయ్యమని కాళ్ళావేళ్ళా పడాలి గానీ, మూలనున్న పంటి మీద ఇంత మమకారమా?

“పేరు?” అన్నాడు డాక్టరు.

“రంగనాయకి. వడమాలపేట.”

ఊరు నిజం, పేరు అబద్ధం. డాక్టరు చీము తీసి, పంటికి ఎక్స్‌రే తీశాడు. ఆరిన ఫిలిమును కిటికీ వెలుగులో చూశాడు. ఆమె మొహం చూశాడు. మళ్ళీ ఫిలిం చూశాడు. దాన్ని చిన్న కవరులో వేసి, పైన తనే ఏదో రాసి సొరుగులో పెట్టాడు.

అసలు పేరు చెప్పుకునే యోగం జ్ఞానాంబకు లేదు. యాభై రెండు కరువులో, పాలు మరవని మూడో బిడ్డను చిత్తూరు చంద్రకాంతమ్మకు దత్తత ఇచ్చింది. బిడ్డ ఆ ఒళ్ళోంచి ఈ ఒళ్ళోకి మారేటప్పుడు చంద్రకాంతమ్మ ముగ్గురికీ కలిపి ఒక ఫోటో తీయించి, తన పెట్టెలో దాచుకుంది. ఆపైన జ్ఞానాంబను కాణిపాకం తీసుకుపోయి, కన్నతల్లినని తన నోటితో ఎన్నడూ చెప్పనని కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించింది.

ముప్పై ఏళ్ళుగా జ్ఞానాంబ మాట తప్పలేదు. పంటినొప్పి రాకూడదని మాత్రం ఎవరూ ప్రమాణం చేయించలేదు గదా!

బిడ్డ మద్రాసులో చదివి, పళ్ళ స్పెషలిస్టుగా తిరుపతిలో బోర్డు పెట్టాడని విన్ననాటి నుంచి ఆమె ఆ నొప్పి కోసమే కాచుకుంది. తీరా వచ్చాక లవంగ నూనె కూడా తాకించలేదు. చిన్న నొప్పితో పోతే చిన్న మందుతో పంపేస్తాడని భయం. ముదరబెట్టుకుని, రెండు రాత్రులు కన్ను మూయకుండా గడిపి, అప్పుడు బస్సెక్కింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. వాడి నోట ‘అమ్మా’ అని ఒక్కసారి వినాలి. పళ్ళ డాక్టరు దగ్గర అదేమంత గొంతెమ్మ కోరిక? వచ్చిన ఆడవాళ్ళందరినీ అంటూనే ఉంటాడు.

“నోరు తెరువమ్మా. భయపడొద్దమ్మా, నేనుండాను గదా,” అన్నాడు పూలమ్మే మునిరత్నమ్మతో, జ్ఞానాంబ వింటూ ఉండగానే.

తన వంతు వచ్చేసరికి, “నోరు తెరవండి,” అన్నాడు. తర్వాత, “పుక్కిలించండి.” అంతే.

ఆ పూలామెను చూసి జ్ఞానాంబ కుళ్ళుకుంది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ దొరికేది కన్నదానికే కరువైంది.

రెండో వారానికి చీము ఆగింది. మూడో వారానికి వాపు పోయింది. నాలుగో వారం రాజారత్నం ఉండబట్టలేక, “ఆ పన్ను గట్టిపడి పోయినాది గదా సార్, ఇంకా మందెందుకు?” అన్నాడు.

“నీ పని నువ్వు చూసుకోప్పా,” అని కసిరాడు డాక్టరు.

తన బిడ్డకు పని మీద ఎంత శ్రద్ధో అని జ్ఞానాంబ మురిసిపోయింది. ఐదో వారం తెగించి అడిగేసింది.

“అందర్నీ అమ్మా అంటా ఉండావు. నన్ను మాత్రం అనవేం నాయనా?”

డాక్టరు చెయ్యి గాలిలోనే ఆగింది.

“మాట్లాడితే దూది జారిపోతాది. నోరు తెరవండి.”

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నొప్పిగా ఉండాదా?”

ఉందని తల ఊపింది. అది మాత్రం అబద్ధం కాదు.

ఆరో వారం మందు కూడా లేదు. పంటిని ఒకసారి తట్టి చూసి, “అయిపోయినాది. ఇంక రావాల్సిన పన్లేదు,” అన్నాడు. సొరుగులోంచి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “మొదటి రోజు తీసిన ఎక్స్‌రే. జాగ్రత్తగా పెట్టుకోండి.”

చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడు. ఆమె చెప్పులు వేసుకుని గడప దాటేదాకా కడుక్కుంటూనే ఉన్నాడు. కనీసం వెనక్కి తిరిగైనా చూడలేదని ఆమె ప్రాణం ఉసూరుమంది.

వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంక ఏ నొప్పి పెట్టుకుని రావాలి ఈ ఊరికి? పన్ను ఒక్కటి మిగిలింది, కోరిక తీరనే లేదు. వాడి చేత్తో ఇచ్చింది ఇదొక్కటే గదా అని ఒళ్ళో ఉన్న కవరును తిప్పి చూసింది. కూడబలుక్కుని చదివే చదువు ఆమెది. పైన మొదటి రోజు తేదీ. అడుగున వడమాలపేట. రంగనాయకి అని ఎక్కడా లేదు.

పేరు రాయాల్సిన చోట ‘మా అమ్మ’ అని ఉంది.