హ్యాండిల్ వెనక గీతలు

“ఇవి ఇసక గీతలు కావు బాబాయ్,” అంది డాక్టరమ్మ, టార్చిని కారు తలుపుకు మరింత దగ్గరగా పెట్టి.

డ్రైవరు పక్క సీటు తలుపు అది. హ్యాండిల్ వెనక, వేళ్ళు దూర్చే గుంటలో, సన్నటి గీతలు పక్కపక్కనే ఉన్నాయి. అన్నీ కొత్తవి. షెడ్డులో ఆమెతో పాటు పనిచేసే ముసలాయన నుదుటి మీది కళ్ళజోడు దింపుకుని చూశాడు. బాబాయ్ అని పిలవడమే గానీ చుట్టరికం లేదు. ఆమెకు పాలిష్ పని నేర్పింది ఆయనే.

“గోళ్ళు. పొడుగు గోళ్ళ మనిషెవరో రోజూ ఈ తలుపు తీస్తోంది,” అన్నాడు.

డాక్టరమ్మ తన చేతులకేసి చూసుకుంది. కారు రంగు మీద గీత పడుతుందని ఆమె గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటుంది. పాడైన రంగుకు ప్రాణం పోస్తుందని వీధిలో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. అయితే ఈ కారు గిరాకీ బండి కాదు, ఆమె మనసిచ్చిన ఇంజనీరుది. అందులో ఆ పక్క సీటు తనదేనని ఆమె ధీమా.

అమ్మ మాట కాదని, అన్నల మాట కాదని అతన్ని నమ్ముకుంది. అమ్మ ఇప్పటికీ ఆమె గడప తొక్కలేదు. అతను వారంలో సగం రోజులు క్యాంపులంటూ తిరుగుతాడు. ఉన్న రోజుల్లో అతనికి ఇష్టమైన కూర వండడం, చొక్కాలు ఇస్త్రీ చేయడం, వెళ్ళేముందు కారును అద్దంలా తుడిచి ఇవ్వడం, ఇవే ఆమెకు సంబరాలు. శుభ్రం విషయంలో అతనికి చాదస్తం ఎక్కువ. ఒకసారి ఆమె తలపిన్ను సీటు సందులో దొరికితే ఇల్లు పీకి పందిరేశాడు.

“బానెట్ కూడా చూడమ్మా,” అన్నాడు బాబాయ్.

నల్లటి బానెట్ మీద టార్చి వెలుగు పడగానే గుండ్రటి సన్నగీతలు సాలెగూడులా మెరిశాయి. పొడిగుడ్డతో దుమ్మును గుండ్రంగా రుద్దితే పడే గీతలవి. ముందు తడిపి, తర్వాత నిలువుగా తుడవాలని అతనికి ఆమె ఏనాడో నూరిపోసింది. కాబట్టి ఇది అతని పని కాదు. ఇంకెవరో తుడిచారు. ముద్దుగా, ఒక్క మూల వదలకుండా, రోజూ తుడిచారు.

ఆమె టార్చి ఆర్పేసింది. అతనికి ఫోన్ చేసింది.

“పక్క సీట్లో ఎవరు కూర్చుంటున్నారు?”

“ఎవరూ లేరే. ఏం?”

“హ్యాండిల్ వెనక గోళ్ళ గీతలున్నాయి.”

“ఓ, అదా. ఆఫీసులో ఒకావిడ. వానొస్తుంటే మొన్న దింపాను.”

“బానెట్ కూడా ఆవిడే తుడిచిందా?”

“నీకన్నీ అనుమానాలే. పెట్రోలు బంకులో కుర్రాడెవరో తుడిచుంటాడు. ఆ గీతలేవో తీసెయ్, సాయంత్రం వస్తా. బండి షెడ్డు లోపలే ఉంచు, బయట దుమ్ము.”

“మరి మనం అనుకున్న సంగతి?”

“క్యాంపులు తగ్గనీ అన్నానుగా,” అని ఫోన్ పెట్టేశాడు.

ఒక్క వానకు అన్ని గీతలు పడవు. అబద్ధం ఆడితే ఆడాడు, గీతల గురించి తనకే అబద్ధం చెబుతాడా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“అప్పుడే మొత్తుకున్నాను, మనిషి ముందూ వెనకా కనుక్కోమని,” అన్నాడు బాబాయ్.

“ఇప్పుడు దెప్పకు బాబాయ్.”

మిషను ఆన్ చేసింది. బానెట్, పైకప్పు, తలుపులు వరసగా పాలిష్ పట్టింది. గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కళ్ళు తుడుచుకుంటూనే చేసింది గానీ చెయ్యి ఎక్కడా తడబడలేదు. హ్యాండిల్ వెనక గుంట జోలికి మాత్రం పోలేదు. సాయంత్రం అతని వేలు పట్టుకుని ఆ గీతల మీద పెట్టించి, నిజం కక్కించాలి.

పాలిష్ కుదిరిందో లేదో ఎండలోనే తెలుస్తుంది. ఏ కారునైనా పని కాగానే ఎండకు తీసి చూడటం ఆమెకు అలవాటు. ఈ ఒక్క కారునే ఎప్పుడూ తీయలేదు, అతను ఒప్పుకునేవాడు కాదు. ఇవాళ అతని మాట వినబుద్ధి కాలేదు. కారును తీసుకెళ్ళి రోడ్డు పక్కనే నిలబెట్టింది.

కాసేపటికి సంచి పట్టుకుని ఒకామె రోడ్డు దాటి వచ్చింది. కారు చుట్టూ తిరిగి నంబరు చూసుకుంది. బానెట్ మీద రాలిన ఆకును తీసేసి, చేతిరుమాలుతో అక్కడ గుండ్రంగా తుడిచింది.

డాక్టరమ్మ గబగబా దగ్గరకొచ్చింది. “అలా గుండ్రంగా రుద్దకండి, గీతలు పడతాయి.”

“అలవాటండీ. పొద్దున్నే నేనే తుడుస్తాను,” అంది ఆమె. “ఇటుగా వెళ్తుంటే బండి కనిపించింది. ఇక్కడ చేయిస్తున్నారని నాకు తెలీనే తెలీదు. ఎంత బాగా చేశారో.”

ఆమె సంచిలోంచి తాళం తీసి నొక్కింది. కారు కీచుమంది. ఆ కారుకు ఇంకో తాళం ఉందని డాక్టరమ్మకు తెలియదు. వచ్చినామె సామాను పెట్టడానికి పక్క సీటు తలుపు హ్యాండిల్లో చెయ్యి దూర్చింది. ఎర్రరంగు వేసిన పొడుగు గోళ్ళు సరిగ్గా ఆ గీతల మీదే కూర్చున్నాయి.

పొద్దున్నుంచీ కూడబెట్టుకున్న తిట్లన్నీ డాక్టరమ్మ నోటిదాకా వచ్చాయి. కానీ ముందు ఆ మనిషి నోటితోనే చెప్పించాలనుకుంది.

“ఆయనకు మీరేమవుతారు?”

ఆమె వింతగా చూసింది. తర్వాత నవ్వింది. దాచుకోవాల్సిందేమీ లేనట్టు, ఒక్క మాటలో చెప్పేసింది.



క్యాంపులు తగ్గాక పెళ్ళాడతానన్న మనిషికి ఎప్పుడో పెళ్ళయిందని డాక్టరమ్మకు అప్పుడే తెలిసింది.